పెద్దాయన్ని ఎత్తుకునే చెయ్యి

పచ్చసొన చెదిరింది. ఒక్కటి చెదిరితే తుర్కియా పట్టించుకునేదే కాదు. రెండోదీ చెదిరింది. ఆ తర్వాతి గుడ్డు గ్లాసు దాకా కూడా చేరలేదు, ఖమూస్ వేళ్ళ సందులోంచి జారి నేల మీద పడింది. అతను దాన్ని చెప్పుకాలితో బల్ల కిందికి నెట్టేసి, ఎవరైనా చూశారేమోనని దొంగచూపు చూశాడు. చూసింది పెళ్ళామే.

“ఏమయ్యా, ఆ చేతికేమైంది?”

“చేతికేమైంది, దివ్యంగా ఉంది. గుడ్లే ఈమధ్య నాసిరకం. పెంకు కాగితంలా ఉంటోంది.”

“రోజూ వచ్చే చోటినుంచే కదా వచ్చాయి?”

“కోళ్ళు ముసలివైపోయాయేమో!”

“ఆఁ, కోళ్ళే అయ్యుంటాయిలే,” అంది తుర్కియా. అని ఊరుకుంది. తుర్కియా ఊరుకుందంటే విషయం చిన్నది కాదని అర్థం.

ఖమూస్ దుకాణం గురించి జెర్బా దీవిలో ఎవరినడిగినా చెబుతారు. బ్రిక్ చెయ్యడమంటే వినడానికి ఏముంది? పల్చటి పిండిరేకు, లోపల కాస్త ట్యూనా చేప, కాస్త కారం, గుడ్డు, మడిచి నూనెలో వెయ్యడం. కానీ గుడ్డుని ముందు గ్లాసులోకి కొట్టాలి, మాకు నిషిద్ధమైన నెత్తుటి చుక్క ఉందేమో వెలుతురులో చూడాలి, లేదనుకున్నాక రేకులోకి జార్చాలి. ఇంత జరిగినా పచ్చసొన చెక్కుచెదరకూడదు. పైన కరకరలాడాలి, కొరగ్గానే సొన గడ్డం మీదుగా కారాలి. గడ్డం తుడుచుకోకుండా ఖమూస్ కొట్టు దిగినవాడు లేడు. అలాంటి చేతిలో ఇప్పుడు గుడ్డు నిలవడం లేదు.

తుర్కియా మామూలుగా అయితే దుకాణం ఛాయలకే రాదు. ఆవిడ పని వేరు. మా యూదుల పేట, అంటే పెద్ద హారాలో, పెళ్ళికూతురి బట్టలన్నా మందిరంలో తోరా అనే మా పవిత్రగ్రంథం మీద కప్పే పట్టుగుడ్డలన్నా ఆవిడ సూది పడాల్సిందే. ఆవిడ కుట్టు చీమలబారులా ఉంటుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కనిపెట్టలేం. ఇంకెవరి కుట్టైనా కనబడితే ఆవిడ ఒక్క మాటా అనదు గానీ, ఆ బట్టని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని ఓ చూపు చూస్తుంది. దానికంటే తిట్టేసినా నయమే. అయితే అవి పందిళ్ళ పండుగ మధ్య రోజులు. ఇంటింటి ముంగిట్లో ఖర్జూరపు మట్టల పందిరి, అందులోనే తిండి. ఆ రోజుల్లో వంట చెయ్యచ్చు గానీ సూదిపని నిషేధం. ఊరికే కూర్చోవడం చేతకాక తుర్కియా కొట్టుకి సాయం వెళ్ళింది, మొగుడి గుట్టు కాస్తా ఆవిడ కంటబడింది.

ఇక ఆవిడ కన్ను అతని మీదే. టీ గ్లాసు ఎడంచేత్తో ఎత్తుతున్నాడు. తలుపు తాళం ఎడంచేత్తో తీస్తున్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అటు తిరిగి ఎంతసేపు తంటాలు పడుతున్నాడో! ఎన్నాళ్ళనుంచి దాస్తున్నాడో పాపిష్టి మనిషి అనుకుని లోపలే ఉడికిపోయింది. అంతలో తోరా పండుగ గుర్తొచ్చి ఆవిడ గుండెల్లో రాయి పడింది. పందిళ్ళ పండుగ ముగియగానే అదే కదా!

ఆ రోజు పెద్దాయన్ని ఎత్తుకోవాల్సింది ఖమూసే.

మా మందిరంలో తోరా గ్రంథాలు చాలానే ఉన్నాయి. పెద్దాయన మాత్రం ఒక్కడే. నిలువెత్తు చెక్కపెట్టె, దానికి చుట్టూ వెండిరేకు తాపడం, నెత్తిన వెండి దానిమ్మలు, లోపల తోలుచుట్ట మీద రాసిన గ్రంథం. పూర్వం ట్రిపోలీ నుంచి ఒంటె మీద తెచ్చారని కొందరంటారు, కాదు పడవలోనని కొందరంటారు. ఒంటె మీదే తెచ్చుంటే ఆ ఒంటె దారిలోనే చచ్చుంటుందని మందిరం చూసుకునే మఖ్లూఫ్ అంటాడు. ఏడాది పారాయణం పూర్తయి మళ్ళీ మొదటినుంచి అందుకునే ఆ పండుగ పొద్దున మాత్రమే పెద్దాయన బయటికొస్తాడు. మిగతా గ్రంథాలు ఒక్కో చుట్టుకీ చేతులు మారతాయి. పెద్దాయన మాత్రం వేదిక చుట్టూ ఏడు చుట్లూ ఖమూస్ గుండెల మీదే తిరుగుతాడు.

ఇదెలా మొదలైందో పెద్దవాళ్ళకి తెలుసు. ఆ రోజు మగాళ్ళంతా పిల్లల్ని భుజాల మీదికెక్కించుకుని గంతులేస్తారు. ఖమూస్‌కీ తుర్కియాకీ పిల్లల్లేరు. పెళ్ళయి కొన్నేళ్ళయినా లేరు. ఒక పండుగ నాడు మందిరమంతా పిల్లలతో గోలగోలగా ఉంటే, ఖమూస్ గోడకి ఆనుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నుంచున్నాడు. అప్పటి రబ్బీ, అంటే మా మతగురువు, అది చూశాడు. నేరుగా పెద్దాయన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. అంతే, అప్పట్నుంచి పెద్దాయన అతనివాడే. మా హారాలో తోరా పండుగ నాడు ఎవరు చేసే పనే వాళ్ళకి ఇంటిపేరవుతుంది. పన్నీరు చల్లేవాళ్ళున్నారు, దీపాలు ఎక్కించేవాళ్ళున్నారు. దీవి వదిలి వెళ్ళిపోయినవాళ్ళని కూడా అక్కడ ఏ దేశంలో కలిసినా “మీరు పన్నీరోళ్ళు కదూ” అనే పలకరిస్తాం. ఇతను పెద్దాయన్ని ఎత్తుకునే ఖమూస్.

తోరా గ్రంథం నేల మీద పడిందంటే మాకు అంతకంటే ఘోరం లేదు. చూసినవాళ్ళంతా ఉపవాసాలుండాలి. తుర్కియా చిన్నప్పుడు ఒకాయన చేతిలోంచి అలాగే జారింది. జనం ఉపవాసాలున్నారు, ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఆయనే తట్టుకోలేకపోయాడు. సామాను కట్టుకుని గాబెస్ వెళ్ళిపోయి, మళ్ళీ దీవిలో కాలుపెట్టలేదు. తుర్కియాకి అదే కళ్ళముందు మెదిలింది. పెద్దాయన్ని పడేస్తే ఖమూస్ బతకడు. ఎత్తుకోవద్దంటే అప్పుడూ బతకడు. ఏం చెయ్యాలో పాలుపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పక్కవీధికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరింది. జల్లెడ మర్చిపోయి సగం దారిలోంచే వెనక్కి వచ్చింది. ముంగిట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నారు. పందిరి చాటునుంచి తొంగిచూస్తే ఏముంది! కుస్కుసు వండడానికి తెచ్చిన గోధుమరవ్వ మూటకి దుప్పటి చుట్టి, దాని నెత్తిన తుర్కియా పట్టురుమాలు కట్టి, గుండెకి హత్తుకుని, పందిరి చుట్టూ అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నాడు ఖమూస్. ఒక చుట్టు బాగానే తిరిగాడు. రెండో చుట్టులో కుడిమోచెయ్యి కిందికి దిగిపోయింది. మూట జారింది. రవ్వ ముంగిలంతా తెల్లగా పరుచుకుంది.

“అయ్యో నా రవ్వ!” అని తుర్కియా కేకేసింది.

ఖమూస్ ఉలిక్కిపడి, “పిల్లి,” అన్నాడు.

“ఓహో. పిల్లి నా దుప్పటి కప్పుకుని, నా రుమాలు నెత్తిన కట్టుకుని, పాట కూడా పాడిందా?”

అతను కింద కూలబడి, రవ్వని చేతుల్తో పోగుచెయ్యడం మొదలెట్టాడు. మట్టితో సహా. తుర్కియా పక్కనే కూర్చుంది.

“ఎప్పట్నుంచి?”

“ఎండాకాలం నుంచి. పొద్దున పూట బాగానే ఉంటోందే. కాస్త బరువు పడగానే మొద్దుబారిపోతోంది. నాది కాదన్నట్టు ఉంటోంది.”

“పండుగ కాగానే డాక్టరు దగ్గరికి పోదాం. ఈ ఒక్క ఏడాదికీ మఖ్లూఫ్‌తో ఓ మాట చెబితే...”

అంతే, ఖమూస్ ఇంతెత్తున లేచాడు. “చెప్పు! వెళ్ళి చెప్పు! బజార్లో దండోరా కూడా వేయించు, ఖమూస్ చెయ్యి పడిపోయిందొహో అని!” మళ్ళీ అంతలోనే గొంతు పడిపోయింది. “ఒట్టి చేతులతో ఆ గోడ పక్కన మళ్ళీ నుంచోలేనే. అప్పుడంటే కుర్రాణ్ణి. ఇప్పుడు నావల్ల కాదు.”

తుర్కియా రవ్వ జల్లించుకుంటూ కూర్చుంది.

ఆ మర్నాడు మఖ్లూఫ్ దుకాణానికి వచ్చాడు. మంచివాడే, నోరు జారుడు. నిలబడే ఒక బ్రిక్ తిని, మూతి తుడుచుకుని, దారిన పోతూ అన్నట్టుగా అన్నాడు. “ఖమూసన్నా, ఈ ఏడు పెద్దాయన్ని మనవాళ్ళు తలో చుట్టు తిప్పుదామనుకుంటున్నారు. నువ్వలా ముందు దర్జాగా నడు, చాలు.”

ఖమూస్ చేతిలో గరిటె గాల్లో ఆగింది. అతను నోరు తెరిచేలోపే తుర్కియా అందుకుంది. “ముందు నడవడానికి ఆయనేమన్నా బాజాలు వాయించేవాడా? పోయినేడు దీపాల నూనె నీ చొక్కా మీదే ఒంపుకున్నావు, నిన్ను మార్చామా? దీపాల పని ఇంకొకరికిచ్చామా?”

“నేనేమన్నాను వదినా...”

“ఏమీ అనలేదు కదా, ఇక వెళ్ళిరా.”

మఖ్లూఫ్ బయటికొచ్చి, ఖమూస్‌కి వినబడకుండా ఆవిణ్ణి సైగచేసి పిలిచాడు. ముఖం చిన్నబుచ్చుకుని గడ్డం చూపించాడు. “చూడు వదినా. పొడిగా ఉంది. నీ మొగుడి బ్రిక్ తిని పొడిగడ్డంతో పోతున్నా. హారా అంతా పొడిగడ్డాలతోనే తిరుగుతోంది. ఎవరికీ తెలీదనుకున్నావా? ఆయనంటే నాకు మాత్రం ప్రేమ లేదా?”

ఉందని తుర్కియాకి తెలుసు. అదే కదా ఇబ్బంది.

ఇంటికి నడుస్తుంటే పల్లెటూరి ఆడమనిషి ఒకర్తె ఎదురైంది. వీపున చంటిబిడ్డని గుడ్డతో భుజానికి వేసి కట్టుకుంది. రెండు చేతుల్లో రెండు చేపల బుట్టలు. బిడ్డ హాయిగా నిద్రపోతోంది. తుర్కియా దారి మధ్యలో ఆగి, ఆ గుడ్డ భుజం మీదుగా ఎలా పోయింది, బిడ్డ కింద ఎలా ఆనింది, తలతిప్పి మరీ చూసింది. ఆ మనిషి ఏదో అనుకుని బిడ్డకి దిష్టి తగలకుండా కొంగు కప్పుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి పెట్టె అడుగునుంచి ఒక ఉన్నిగుడ్డ తీసింది తుర్కియా. ఎర్రటిది, వెడల్పాటిది. వాళ్ళమ్మ నేసింది, మనవణ్ణో మనవరాలినో కూతురి వీపున కట్టడానికి. వాళ్ళమ్మా పోయింది, మనవడూ రాలేదు, గుడ్డ మడతలు మడతలుగానే ఉంది. దీన్ని ముడేసి కడితే ఆ బరువుకి ముడి జారుతుంది. అడుగున పెద్దాయన కూర్చునేలా సంచిలా కుట్టాలి, పైన మెడలోకి దూర్చుకునేలా పట్టీ కుట్టాలి. సూదిలో దారం ఎక్కించింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఇవి కుట్టుపని చెయ్యకూడని రోజులని. సూది పక్కన పెట్టి, రుమాలు కట్టుకుని రబ్బీ షుషాన్ ఇంటికి బయల్దేరింది.

రబ్బీ తన పందిట్లో కూర్చుని గుమ్మడిగింజలు ఒలుచుకుంటున్నాడు.

“రబ్బీ గారూ, ఒకావిడ ఒక సంగతి కనుక్కు రమ్మంది.”

“ఏ ఒకావిడ?”

“మీకు తెలీదులెండి.”

“హారాలో నాకు తెలీని ఒకావిడ! సరే, చెప్పు.”

“ఆవిడకి అర్జంటుగా ఒక కుట్టుపని పడింది. పండుగ కోసమే.”

“ఆవిడకి కుట్టు వచ్చా, రాదా?”

“అదెందుకు?”

“రానిదైతే ఎలా వస్తే అలా కుట్టుకోవచ్చు. పనితనం ఉన్న మనిషైతే, పండుగ కోసమే గనక కుట్టచ్చు గానీ, వంకరగా కుట్టాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఎడమెడంగా, కుక్కపళ్ళలాగ. చూసినవాళ్ళు ఇది పనివాళ్ళ చెయ్యి కాదు అనుకోవాలి.”

తుర్కియా మొహం పాలిపోయింది. “ఆవిడకి... ఏదో కాస్తో కూస్తో వచ్చు.”

“కాస్తో కూస్తోనా?” అన్నాడు రబ్బీ, ఆవిడ కళ్ళలోకి చూస్తూ.

ఇక ఆగలేకపోయింది. “హారా మొత్తం మీద ఆవిడంత బాగా ఎవత్తికీ రాదు!”

“అయితే మరీ వంకరగా కుట్టమను,” అని రబ్బీ నవ్వుతూ ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. నములుతూ నములుతూ నవ్వు మానేశాడు. “గట్టిగా ఉండాలా అది?”

“ఉండాలి. చాలా బరువు మొయ్యాలి.”

“వంకర కుట్టు ఊడిపోవాలని ఎక్కడా లేదమ్మా. మీద మీద ఎన్ని వరసలైనా వేసుకోమను. ఖమూస్‌ని... ఆవిడ మొగుణ్ణి అడిగానని చెప్పు.”

తుర్కియా తల వంచుకుని గబగబా ఇంటికొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. వేళ్ళు మాట వినవు. ఒకటి పైకి, ఒకటి కిందికి అని నోటితో అనుకుంటూ కుట్టినా నాలుగు పోట్లయ్యేసరికి తిన్నగా వచ్చేస్తుంది. విప్పింది. మళ్ళీ కుట్టింది. కళ్ళు మూసుకుని కుట్టింది. ఎడంచేత్తో కుట్టి చూసింది, ఖర్మ, అదీ తిన్నగానే వచ్చింది! చివరికి ప్రతి పోటుకీ ముందు ఆగి, ఎక్కడ గుచ్చితే తనకి ఒళ్ళుమండుతుందో వెతికి అక్కడే గుచ్చింది. అప్పుడు కుదిరింది. ఎంత వికారంగా ఉందంటే, తన ముందు కూర్చుని నేర్చుకునే పిల్లదెవరైనా ఇలా కుడితే చెంప పగలగొట్టేది. దాని మీద మరో వరస వేసింది. దాని మీద ఇంకో వరస. చివర్లో కాలితో తొక్కిపట్టి రెండు చేతులా లాగింది. దారం కిక్కురుమనలేదు.

ఖమూస్ వచ్చి చూశాడు.

“ఏమిటే ఇది?”

“పెద్దాయన అందులో కూర్చుంటాడు. పట్టీ నీ మెడలో వేసుకుంటావు. బరువు భుజం మీద పడుతుంది. చెయ్యి ఊరికే ఆనించుకుంటే చాలు.”

“చంటిపిల్లని కట్టుకున్నట్టా?”

“ఆఁ, అచ్చం అలాగే.”

“నేనేమన్నా ఆడదాన్నా?”

“ఆడవాళ్ళకి బుద్ధుంది గనక చెయ్యి పడిపోకముందే కట్టుకుంటారు.”

ఖమూస్ ఆ గుడ్డని తీసి మంచం మీద గిరాటేశాడు. “నవ్వుతారే! ఊరంతా నవ్వుతుంది!”

తుర్కియా ఆ గుడ్డ మళ్ళీ తీసి, కుట్టున్న వైపు అతని మొహం ముందు పెట్టింది. “నవ్వుతారు. ముందు దీన్ని చూసి నవ్వుతారు. చూడు, కళ్ళు పెట్టి చూడు. నేను కుట్టానిది. ఈ హారాలో నాకు పిల్లాజెల్లా లేరు, మేడల్లేవు, మాన్యాల్లేవు. ఉన్నదంతా ఈ సూదీ, దీంతో వచ్చిన పేరూ. అది రేపు ఆడవాళ్ళందరి ముందూ పెద్దాయనకి తగిలిస్తున్నా. నా పరువు పోతే పోనీ అనుకున్నా. నీది నీ ఇష్టం.”

ఖమూస్ వేసుకుంటాననలేదు, వేసుకోననీ అనలేదు. వెళ్ళి పందిట్లో కూర్చున్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఉప్పు అందించమన్నాడు, అంతే.

మధ్య రోజుల్లో ఆఖరి రోజున మా ఆడవాళ్ళు మందిరానికి వెళ్ళి గ్రంథాలకి అలంకారం చేస్తారు. ఎవరి పట్టురుమాలు వాళ్ళు తెచ్చి కడతారు. పెళ్ళి కావాలని ఒకరు, కడుపు పండాలని ఒకరు, దూరాన ఉన్నవాళ్ళు చల్లగా ఉండాలని ఒకరు. తుర్కియా ఎర్రగుడ్డ తెచ్చి, మఖ్లూఫ్ చేత పెద్దాయన్ని అందులో కూర్చోబెట్టించి బిగించింది. పక్కింటి హనీనా వంగి చూసింది. ఏనాడో తన పరికిణీ అంచుని రెండు వేళ్ళతో ఎత్తి చూసిన తుర్కియాని హనీనా మర్చిపోలేదు.

“ఇదేం కుట్టు వదినా! చీకట్లో మేక గానీ కుట్టిందా?”

అందరూ పకపకా నవ్వారు. తుర్కియా చెవులు ఎర్రబడ్డాయి. “కొత్తగా నేర్చుకుంటున్నాలే,” అంది.

ఆవిడ నోటినుంచి ఇలాంటి మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. హనీనా మళ్ళీ ఏదో అనబోయి, ఆ ఎర్రగుడ్డని గుర్తుపట్టింది. ఏ పని కోసం నేసిన గుడ్డో, ఎవరు నేశారో గుర్తుపట్టింది. పట్టీ చూసింది, దాని పొడవు చూసింది. నోరు మూసుకుంది. తన రుమాలు విప్పి, ఆ వంకరకుట్టు కనబడకుండా మీద కప్పబోయింది.

“కప్పకు,” అంది తుర్కియా. “ఆయనకి కనబడనీ.”

పండుగ పొద్దున మందిరం కిటకిటలాడింది. ఆడవాళ్ళంతా పక్కగదిలో జాలీ కిటికీ దగ్గర తోసుకుంటున్నారు. తుర్కియా ముందే వచ్చి జాలీకి ముక్కు ఆనించి నుంచుంది. గ్రంథాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చివర పెద్దాయన దగ్గరికి వెళ్ళింది ఖమూసే. మఖ్లూఫ్ అడ్డం రాలేదు. ఖమూస్ వంగి, రెండు చేతులూ అడుగున వేసి, ఎత్తాడు. పట్టీ మెడలో వేసుకోలేదు. అది పక్కన తోకలా వేలాడుతోంది.

మొండిఘటం, మొండిఘటం అని తుర్కియా పళ్ళు నూరుకుంది.

మొదటి చుట్టు సాఫీగా అయిపోయింది. జనం పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, పెద్దాయన్ని ముట్టుకుని వేళ్ళు ముద్దుపెట్టుకుంటున్నారు. రెండో చుట్టులో ఖమూస్ జాలీ ముందుకొచ్చేసరికి, రవ్వమూట నాడు చూసిందే మళ్ళీ చూసింది ఆవిడ. కుడిమోచెయ్యి కిందికి దిగుతోంది. వెండి దానిమ్మలు ఒకవైపుకి వాలాయి. తుర్కియా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఖమూస్ ఆగిపోయాడు. పెద్దాయన్ని గోడకేసి అదిమి, భుజం అడ్డుపెట్టి నిలబెట్టాడు. వెనకవాళ్ళు వచ్చి గుద్దుకున్నారు. పాట ఒక మూలనుంచి తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. మఖ్లూఫ్ చేతులు చాచుకుని పరిగెత్తుకొచ్చాడు. ఖమూస్ తల అడ్డంగా ఊపాడు. చెమటలు కారుతున్నాయి. అందరూ చూస్తున్నారు.

“తుర్కియా!” అని పిలిచాడు.

మా హారాలో మగాడు పెళ్ళాం పేరు పెట్టి మందిరంలో కేకెయ్యడం ఎవరమూ ఎరగం. 

“ఇటు రావే. నా చెయ్యి పనిచెయ్యట్లేదు. నువ్వు కుట్టింది వేసుకోవాలి.”

అందరి ముందూ ఆ మాట అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఏ ఒక్కరూ నవ్వలేదు.

తుర్కియా ఎలా తోసుకొచ్చిందో ఆవిడకే తెలీదు. వచ్చేసి పట్టీ అందుకుంది, అతని మెడలో వేద్దామని. పట్టీ అతని తలదాకా రాలేదు. పెద్దాయన్ని ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప అతను తల దూర్చలేడు. మఖ్లూఫ్ మళ్ళీ చేతులు చాచాడు.

“నువ్వు కాదు,” అన్నాడు ఖమూస్. పెళ్ళాం వైపు తిరిగి, మెల్లగా, “ఒక్కసారి నువ్వూ ఎత్తుకో,” అన్నాడు.

మా హారాలో ఆడవాళ్ళు తోరా ఎత్తుకోరు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. ఆవిడా అడగలేదు. తుర్కియా రబ్బీ వైపు చూసింది. రబ్బీ షుషాన్‌కి సరిగ్గా అప్పుడే కళ్ళజోడు తుడుచుకోవాలనిపించింది. చొక్కా అంచుతో తుడుస్తూ, అటు తిరిగి నుంచుని, ఎంతకీ తలెత్తలేదు.

ఖమూస్ పెద్దాయన్ని ఆవిడ చేతుల్లో పెట్టాడు. తుర్కియా మోకాళ్ళు వంగాయి, మళ్ళీ నిలదొక్కుకుంది. పట్టుగుడ్డలు చెంపకి తగిలాయి. అందులో సగం ఆవిడ కుట్టినవే. వెండి చల్లగా ఉంది, మొగుడు హత్తుకున్న చోట మాత్రం వెచ్చగా ఉంది. ఆవిడ రెండు చేతులా గట్టిగా పొదివిపట్టుకుంది. కళ్ళనీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“ఇంత బరువేమిటయ్యా!” అంది.

“మరి! ఊరికే ఆయాసపడుతున్నాననుకున్నావా ఇన్నాళ్ళూ?”

అతను తల వంచి పట్టీ మెడలోకి దూర్చుకున్నాడు, భుజం మీద సర్దుకున్నాడు. తొందరేమీ పడలేదు. ఎంత తాపీగా సర్దుకున్నాడంటే, చెయ్యి బాగోలేని మనిషికి కూడా అంతసేపు పట్టదు. తర్వాత పెద్దాయన్ని అందుకున్నాడు. కుక్కపళ్ళ కుట్టు ఒక్కసారి బిగుసుకుని, నిలిచింది. జాలీ వెనకనుంచి హనీనా గొంతు ముందు లేచింది, తర్వాత ఆడవాళ్ళందరివీ. మందిరం కప్పు ఎగిరిపోయేలా కేరింతలు కొట్టారు. పాట మళ్ళీ అందుకున్నారు. ఖమూస్ కదిలాడు.

తుర్కియా అక్కడే నుంచుండిపోయింది. చేతులు రెండూ ఇంకా పొదివిపట్టుకున్నట్టే మడిచి ఉన్నాయి.

“వదినా, కాస్త పక్కకి జరుగు, చుట్టు తిరగాలి,” అన్నాడు మఖ్లూఫ్.

“నువ్వే జరుగు,” అంది తుర్కియా.

కదల్లేదు. మఖ్లూఫే జరిగాడు. జనం వేదికతో పాటు ఆవిణ్ణి కూడా కలుపుకుని చుట్టూ తిరిగారు.